సరదాగా చేసిన సామాను విరిగి ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఇంట్లోనే చెక్క సామాను తయారు చేయడం నాకు అలవాటు. ఒక స్నేహితుడికి కుర్చీ చేసి బహుమతిగా ఇచ్చాను. ఒక సహోద్యోగికి ఆరడుగుల పుస్తకాల అల్మరా చేసి, చెక్క ఖర్చుతో పాటు కొంత అదనంగా తీసుకున్నాను. ఇప్పుడు మరికొందరు అడుగుతున్నారు. నేను చేసింది విరిగి ఎవరైనా గాయపడితే బాధ్యత నాదేనా? ‘ఇది హాబీగా చేసింది, నాకు బాధ్యత లేదు’ అని ముందే రాయించుకుంటే సరిపోతుందా? ఇంటర్నెట్‌లో కనిపించిన డిజైన్లను చూసి చేయడం తప్పా? మేముండేది అద్దె ఫ్లాటు. రంపం మోతపై కింది వాళ్లు ఫిర్యాదు చేస్తున్నారు. గోడలకు నేను బిగించుకున్న అరలు ఖాళీ చేసేటప్పుడు వదిలిపెట్టి వెళ్లాలని యజమాని అంటున్నారు.

జవాబు: హాబీ అనే మాటకు మన చట్టాలు ప్రత్యేకమైన రక్షణ ఏదీ ఇవ్వలేదు. మీరు ఆ పనిని ఏ పేరుతో పిలిచినా, న్యాయస్థానం చూసేది మీరు ప్రతిఫలం తీసుకున్నారా, చేసేటప్పుడు తీసుకోవలసినంత జాగ్రత్త తీసుకున్నారా అన్నదే. అందువల్ల స్నేహితుడికి ఇచ్చిన కుర్చీని, సహోద్యోగికి డబ్బు తీసుకుని ఇచ్చిన అల్మరాను వేరువేరుగా పరిశీలించాలి.

ముందుగా కుర్చీ సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ప్రతిఫలం చెల్లించి గానీ, చెల్లిస్తానని మాట ఇచ్చి గానీ వస్తువు కొన్నవారే వినియోగదారులు. కొన్నవారి అనుమతితో ఆ వస్తువును వాడుకునేవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. బహుమతిగా అందుకున్న మీ స్నేహితుడు ఏమీ చెల్లించలేదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. అంతమాత్రాన మీకు ఏ బాధ్యతా లేదని అనుకోకూడదు. నిర్లక్ష్యం వల్ల ఒకరికి హాని జరిగితే, వారితో ఒప్పందం ఉన్నా లేకున్నా, సివిల్ కోర్టులో నష్టపరిహారం కోరవచ్చు. ఈ సూత్రాన్ని స్థిరపరిచిన 1932 నాటి డొనొగ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ కేసులో ఫిర్యాదిదారు తాగిన పానీయాన్ని ఆమె స్నేహితురాలు కొనిపెట్టింది. ఆమె స్వయంగా పైసా చెల్లించలేదు. అయినా సీసాలో నత్త ఉందన్న ఆమె ఆరోపణ రుజువైతే తయారీదారు బాధ్యుడేనని అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది.

అయితే వృత్తి వడ్రంగి కాని మనిషి నుంచి చట్టం ఎంత జాగ్రత్తను ఆశిస్తుంది? మీ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే తీర్పు 1958లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఇచ్చిన వెల్స్ వర్సెస్ కూపర్. ఒక గృహస్థు తన ఇంటి వెనుక తలుపుకు కొత్త పిడిని ముప్పావు అంగుళం స్క్రూలతో స్వయంగా బిగించుకున్నాడు. ఇంటికి చేపలు తెచ్చి ఇచ్చిన వ్యాపారి తిరిగి వెళ్తూ, గాలి బలంగా ఉండటంతో తలుపును గట్టిగా లాగగా పిడి ఊడి వచ్చింది, అతడు కింద పడి గాయపడ్డాడు. అటువంటి చిన్న పనికి ఓ మోస్తరు పనితనమున్న వడ్రంగి ఎంత జాగ్రత్త తీసుకుంటాడో అంతే జాగ్రత్త ఆ గృహస్థు నుంచి ఆశించాలని, డబ్బు తీసుకుని ఒప్పందం మీద పనిచేసే వృత్తిదారుడి స్థాయిని అతడి మీద రుద్దకూడదని కోర్టు చెప్పింది. ఆ కొలమానంతో చూసి గృహస్థుకు బాధ్యత లేదని తేల్చింది. ఇంగ్లండ్ తీర్పులు మన కోర్టులకు శిరోధార్యం కావు గానీ, నిర్లక్ష్యం విషయంలో వాటిని మన న్యాయమూర్తులు తరచూ పరిశీలిస్తారు.

ఈ తీర్పును చూసి మరీ నిశ్చింతగా ఉండకండి. ‘నేను నేర్చుకుంటున్నవాణ్ణి’ అనే వాదనను ఆ కోర్టు కూడా అంగీకరించలేదు. ఆ గృహస్థు తీసుకున్న జాగ్రత్త ఆ పనికి సరిపోయిందని మాత్రమే అంది. తలుపు పిడికి సరిపోయిన జాగ్రత్త, మనిషి బరువు మోయవలసిన కుర్చీకి సరిపోతుందని చెప్పలేం. కాళ్లను అడ్డుకర్రతో కలపకుండా కేవలం జిగురు మీదా, పీట అంచున దిగ్గొట్టిన రెండు మేకుల మీదా ఆధారపడితే, లేదా కాలిలో పగులు కనబడుతున్నా రంగు వేసి కప్పేసి ఇస్తే, అది ఏ ప్రమాణంతో చూసినా నిర్లక్ష్యమే. తెలిసిన లోపాన్ని దాచిపెట్టి ఇచ్చిన బహుమతికి ‘ఉచితంగా ఇచ్చాను’ అన్నది సమాధానం కాదు.

ఇక అల్మరా. నా అభిప్రాయంలో మీరు నిజంగా ఆలోచించవలసింది దీని గురించే. లాభం తీసుకోలేదనో, తక్కువే తీసుకున్నాననో మీరు అనవచ్చు. కానీ భారత ఒప్పందాల చట్టం, 1872 లోని 25వ సెక్షన్ వివరణ ప్రకారం ప్రతిఫలం తక్కువగా ఉన్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. ఒకవేళ సహోద్యోగి చెక్కను తానే తెచ్చి మీకు పనికూలి మాత్రమే ఇచ్చి ఉంటే అది విక్రయం కాక సేవ అవుతుంది. అయినా సేవలో లోపం కూడా వినియోగదారుల చట్టం పరిధిలోనిదే కాబట్టి మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

వినియోగదారుల రక్షణ చట్టంలోని 82 నుంచి 87 వరకు సెక్షన్లు ఉత్పత్తి బాధ్యతకు సంబంధించినవి. వాటిలో 84వ సెక్షన్ ప్రకారం తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లో లోపం ఉన్నా, ఇచ్చిన హామీకి వస్తువు తగినట్టు లేకపోయినా, హాని జరగకుండా సరిగా వాడుకునే పద్ధతిని గానీ తప్పుగా వాడితే వచ్చే ప్రమాదాన్ని గానీ తెలియజేయకపోయినా తయారీదారు బాధ్యుడవుతాడు. ఆరడుగుల అల్మరా విషయంలో ప్రమాదం చెక్క విరగడం వల్ల కన్నా ముందుకు పడిపోవడం వల్ల రావడానికే ఎక్కువ అవకాశం ఉంది. లోతు తక్కువగా ఉండి, పై అరల్లో బరువైన పుస్తకాలు పేర్చినప్పుడు, ఒక పిల్లవాడు కింది అర మీద కాలు పెట్టి ఎక్కబోతే అది ఒరిగిపోతుంది. అతుకులన్నీ గట్టిగా ఉన్నా సరే, దాన్ని గోడకు బిగించుకోవాలని మీరు చెప్పి ఉండకపోతే, హెచ్చరిక ఇవ్వలేదన్న ఒక్క కారణం మీద మీ పై ఫిర్యాదు నిలబడవచ్చు.

మీ పక్షాన చెప్పదగిన వాదన ఒకటుంది. ఆ చట్టం ‘ఉత్పత్తి’ని నిర్వచిస్తూ, వాణిజ్యంలో ప్రవేశపెట్టడానికి తయారైన వస్తువు అంటుంది. సహోద్యోగి అడిగితే ఒకే ఒక్క అల్మరా చేసి ఇవ్వడం వాణిజ్యం కాదని మీ తరఫు న్యాయవాది గట్టిగానే వాదించవచ్చు. అయితే రెండో ఆర్డరు, మూడో ఆర్డరు తీసుకుంటున్న కొద్దీ ఆ వాదన పలచబడిపోతుంది. ఫోటోలు పెట్టి ధరలు ప్రకటించిన రోజున ఇక మిగలదనే అనుకోండి. సరుకుల విక్రయ చట్టం, 1930 లోని 16వ సెక్షన్ కూడా ఇదే ధోరణిలో ఉంటుంది. కొనుగోలుదారు తన అవసరం చెప్పి అమ్మకందారు నేర్పును నమ్మి కొన్నప్పుడు వస్తువు ఆ అవసరానికి పనికి రావాలనే షరతు, అటువంటి సరుకు అమ్మడం వ్యాపారంగా ఉన్నవారికే వర్తిస్తుంది. ఇవాళ మీరు దాని బయట ఉన్నారు. ఆర్డర్లు మొదలైతే లోపలికి వచ్చినట్టే.

బాధ్యత లేదని రాయించుకునే కాగితం గురించి అడిగారు. సరుకుల విక్రయ చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఇలాంటి షరతులను ఇరుపక్షాలూ ఒప్పందం ద్వారా మినహాయించుకునే వీలు కొంతవరకు ఉంది. కానీ ఆ సంతకం పెట్టిన సహోద్యోగిని మాత్రమే అది కట్టిపడేస్తుంది. అల్మరా మీద పడిన పిల్లవాడు ఆ కాగితంలో పక్షం కాడు. పైగా వినియోగదారు హక్కులను ఏకపక్షంగా హరించే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా సవాలు చేయడానికి 2019 చట్టం అవకాశం ఇచ్చింది. కాబట్టి ఆ కాగితం మీద నాకు నమ్మకం లేదు. దానికి బదులు మరో కాగితం రాయండి: ఏ చెక్కతో చేశారు, ఒక్కో అర ఎంత బరువు మోస్తుంది, బరువైనవి కింది అరల్లోనే పెట్టాలి, ఎల్ యాంగిళ్లతో (ఎల్ ఆకారపు లోహపు పట్టీలతో) గోడకు బిగించిన తరువాతే వాడాలి, పిల్లలను ఎక్కనివ్వకూడదు. ఆ యాంగిళ్లను, స్క్రూలను మీరే సామానుతో పాటు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని ఒక ప్రతిని దగ్గర ఉంచుకోండి. ఆ తరువాత సహోద్యోగి యాంగిళ్లు పీకేసి అల్మరాను గది మధ్యకు జరుపుకుంటే, వస్తువును దుర్వినియోగం చేసినా, మార్చినా ఉత్పత్తి బాధ్యత ఉండదన్న 87వ సెక్షన్ మినహాయింపు మీకు ఉపయోగపడుతుంది. ఇప్పటికే ఇచ్చిన అల్మరాకు కూడా ఈ పని ఆలస్యం చేయకుండా చేయండి. వాట్సాప్ సందేశంగా పంపినా మేలే, కానీ యాంగిళ్లు మీరే వెళ్లి బిగించి ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది.

‘పదేళ్లు చెక్కుచెదరదు’ వంటి మాటలు మాత్రం నోటితో గానీ సందేశంలో గానీ అనకండి. ఇచ్చిన హామీ విషయంలో మీ నిర్లక్ష్యం లేదని మీరు రుజువు చేసుకున్నా బాధ్యత తప్పదని 84వ సెక్షన్ ప్రత్యేకంగా చెబుతోంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు గానీ, అది ఫిర్యాదుకు కారణం ఏర్పడిన తేదీ నుంచి లెక్క. అమ్మిన నాలుగేళ్లకు అల్మరా పడితే, గడువు పడిన రోజు నుంచే మొదలవుతుందని ఫిర్యాదిదారు వాదిస్తారు.

ఆర్డర్లు తీసుకోవాలనే నిర్ణయానికే వస్తే మరికొన్ని విషయాలు చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2025లో ఫర్నిచర్ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు జారీ చేసింది కాబట్టి, అమ్మకం మొదలుపెట్టే నాటికి అది మీరు చేసే రకం సామానుకు వర్తిస్తుందా, చిన్న తయారీదారులకు మినహాయింపు ఉందా అన్నది సరిచూసుకోండి. సరుకులు మాత్రమే అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. మీరు ఆ దరిదాపుల్లో ఉండరనుకుంటాను. అయితే వచ్చిన ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించవలసిందే. మీరు ఎక్కడ పనిచేస్తారో రాయలేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 1964 ప్రవర్తనా నియమావళి 15వ నియమం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు ఉద్యోగి అయితే నియామక పత్రాన్ని ఒకసారి చదువుకోండి. కొన్న కలపకు బిల్లు తప్పనిసరిగా దాచుకోండి, ముఖ్యంగా టేకు విషయంలో. కలప ప్రభుత్వానిదా కాదా అన్న వివాదం వచ్చినప్పుడు, కాదని రుజువయ్యేదాకా ప్రభుత్వానిదేనని భావించే నిబంధన అటవీ చట్టంలో ఉంది.

డిజైన్ల విషయంలో మీకు కొంత ఊరట ఉంది. డిజైన్ల చట్టం, 2000 ప్రకారం నమోదైన డిజైన్‌కు పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ 22వ సెక్షన్ నిషేధించేది ఆ డిజైన్‌ను అమ్మకం నిమిత్తం వాడుకోవడాన్ని. మీ ఇంట్లో మీరు కూర్చోవడానికి ఒక కుర్చీని చూసి అలాంటిదే చేసుకుంటే ఆ సెక్షన్ అడ్డురాదు. అదే కుర్చీని అమ్మితే ఒక్కో ఉల్లంఘనకు 25 వేల రూపాయల వరకు, ఒక డిజైన్‌కు మొత్తం మీద 50 వేల వరకు చెల్లించవలసి రావచ్చు. లేదా యజమాని నష్టపరిహారానికి, నిషేధపు ఉత్తర్వుకు దావా వేయవచ్చు. ఎవరో గీసి అమ్ముతున్న కొలతల పటాన్ని కాపీ చేసి ఇతరులకు పంచడం కాపీరైటు సమస్య, అది వేరు.

శబ్దం సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు పరిమితి. కరెంటు రంపం దగ్గర నిలబడితే శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది. గోడలు కొంత ఆపినా, నేల మీద పెట్టి కోస్తే ఆ అదురు స్లాబు గుండా నేరుగా కింది ఇంటి కప్పులోకి దిగుతుంది. పరిమితి లోపలే ఉన్నా, పదేపదే ఇబ్బంది కలిగిస్తే న్యూసెన్స్ కింద సివిల్ కోర్టు నిషేధపు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ప్లైవుడ్‌నూ పలకలనూ కొన్నచోటే కొలతలకు కోయించుకుని, ఇంట్లో చిత్రిక పట్టడం, అతకడం, రంగు వేయడం మాత్రమే చేసుకుంటే ఈ తగాదాలో చాలా భాగం తీరిపోతుంది.

అద్దె ఇల్లు కాబట్టి ఆర్డర్ల మీద పని మొదలైతే, నివాసానికి ఇచ్చిన ఇంటిని మరో అవసరానికి వాడుతున్నారని యజమాని అభ్యంతరపెట్టవచ్చు. గృహావసరాల కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే విద్యుత్ చట్టం, 2003 లోని 126వ సెక్షన్ కింద అదనపు బిల్లు కూడా రావచ్చు.

గోడ అరల విషయంలో యజమాని వాదన సరికాదు. ఆస్తి బదిలీ చట్టం, 1882 లోని 108వ సెక్షన్‌లోని ‘హెచ్’ ఉపవిభాగం ప్రకారం, ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ అందుకు విరుద్ధంగా లేకపోతే, అద్దెదారు తాను బిగించుకున్నవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకు తీసుకుపోవచ్చు. కాకపోతే ఇంటిని తాను తీసుకున్నప్పటి స్థితిలోనే అప్పగించాలి. అంటే స్క్రూ రంధ్రాలు పూడ్చి, ఊడిన పెచ్చులకు పూత వేసి, రంగు సరిచేసి ఇవ్వవలసిన ఖర్చు మీదే. ఆ హక్కు తాళాలు అప్పగించేదాకానే ఉంటుంది కాబట్టి, ‘అద్దెదారు అమర్చినవన్నీ యజమానికే చెందుతాయి’ అనే షరతు ఉందేమో మీ అద్దె ఒప్పందంలో ముందు చూసుకుని, లేకపోతే ఖాళీ చేయడానికి ముందే అరలను విప్పి, గోడలు సరిచేసిన తరువాత ఫోటోలు తీసి, యజమానికి వాటిని జత చేస్తూ రాతపూర్వకంగా తెలియజేయండి.