లాగ్ యంత్రం రాసిన లెక్కను కంపెనీ మార్చగలదా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మా కుటుంబానికి రెండు లారీలు ఉన్నాయి. మా తమ్ముడు అమెరికా వెళ్లి ట్రక్కు నడుపుతున్నాడు. బండిలో బిగించిన ఈఎల్‌డీ (డ్రైవింగు వేళలను నమోదు చేసే ఎలక్ట్రానిక్ లాగ్ యంత్రం) వల్ల ఊపిరి సలపడం లేదనీ, సరుకు దించుకునేవాళ్లు గంటల తరబడి నిలబెట్టినా దాని గడియారం ఆగదనీ, టైము దాటితే లాగ్ సరిచేయమని ఆఫీసువాళ్లే ఒత్తిడి చేస్తున్నారనీ చెబుతున్నాడు. ఆ లెక్కను కంపెనీ మార్చగలదా? మన లారీలకూ అలాంటిది వస్తే మంచిదేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: డ్రైవరు ఒప్పుకోకుండా కంపెనీ మార్చడానికి వీల్లేదు. ఇంజనుకు అనుసంధానమై, బండి నడిచిన సమయాన్ని తనంతట తానే నమోదు చేసే ఈ పరికరం అక్కడ 2017 డిసెంబరు 18 నుంచి చాలామంది డ్రైవర్లకు తప్పనిసరి అయింది. కంపెనీ ఏదైనా సవరణ కోరవచ్చు గానీ, దాన్ని డ్రైవరు చూసి ధ్రువీకరించాలి. యంత్రం తానుగా నమోదు చేసిన డ్రైవింగ్ సమయాన్ని తగ్గించే వీలు సాధారణంగా డ్రైవరుకు కూడా ఉండదు. పని గంటల నిబంధన దాటి నడపమని బెదిరిస్తే ఆ సందేశాలను భద్రపరచి, 90 రోజుల్లోగా అక్కడి ప్రభుత్వ ట్రక్కు భద్రతా సంస్థ ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్‌కు ఫిర్యాదు చేయమని మీ తమ్ముడికి చెప్పండి. ఫోనులో నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని రాతపూర్వకంగా పంపమని అడగడం మరీ ముఖ్యం.

ఇక ఊపిరి సలపకపోవడం గురించి. 10 గంటల విశ్రాంతి తరువాత పనిలోకి దిగితే 14 గంటల వ్యవధిలోనే, అందులోనూ 11 గంటలకు మించకుండా నడపాలన్న నియమం కాగితపు లాగ్ రోజుల్లోనూ ఉన్నదే. అయితే గోదాము దగ్గర పోయిన సమయాన్ని అప్పట్లో రాతలో సర్దుకునే వీలుండేది, ఇప్పుడది లేదు కనుక ఇతరుల ఆలస్యం నేరుగా డ్రైవరు సంపాదన మీద పడుతోంది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర వరుసలో పడిగాపులు పడిన డ్రైవరుకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు. దీనికి కొంత ఉపశమనం ఉంది: 10 గంటల విశ్రాంతిని రెండుగా విడదీసి, ఒక విడత కనీసం 7 గంటలు బండిలోని పడకలో, మరో విడత కనీసం 2 గంటలు తీసుకుంటే ఆ రెండూ 14 గంటల లెక్కలోకి రావు. దించే చోట నిరీక్షణ సుదీర్ఘమని తెలిసినప్పుడు, అక్కడ నిజంగా విశ్రాంతి దొరికితే, దీన్ని వాడుకోవచ్చు.

మన విషయానికొస్తే, 2025 నవంబరు వరకు అమలులో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం సాధారణంగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పనినే అనుమతించేది. యజమానులు పెట్టించుకుంటున్న జీపీఎస్ బండి ఎక్కడుందో చూపుతుంది గానీ డ్రైవరు నిద్రపోయాడో లేదో చెప్పదు. లాగ్ యంత్రం మనకూ రావాలనే నా అభిప్రాయం. నిరీక్షణకు డబ్బు, హైవే పక్కన బండి ఆపుకుని పడుకునే చోటు లేకుండా వస్తే మాత్రం అది డ్రైవరుకు శిక్షే అవుతుంది. మీ రెండు లారీల వరకు చట్టం కోసం ఆగనక్కరలేదు: లోడింగు, అన్‌లోడింగు దగ్గర బండి చేరిన వేళ, వదిలిన వేళ రసీదు మీద రాయించండి, హాల్టింగ్ చార్జీని కిరాయి మాట్లాడేటప్పుడే తేల్చుకోండి, అందులో డ్రైవరు వాటా డ్రైవరుకు ఇవ్వండి.