మోకాళ్ళ సైకిళ్ళు తయారు చేద్దామనుకుంటున్న మా మేనల్లుడికి

ఏరా అల్లుడూ,

నువ్వు పంపిన కొటేషన్లు రెండూ చూశాను, వెల్డింగ్ రోబోదీ, ఎక్సర్‌సైజ్ మెషీన్ల సామానుదీ. ఫోన్లో చెప్తే సగం చెవిన పడుద్ది సగం గాలికి పోద్ది, అందుకే టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువు. రోబో ఇప్పుడే కొనకు. ముందు ఏ మెషీన్ చేస్తావో ఖాయం చేసుకో, తర్వాత దానికి ఫిక్చర్ కట్టు (వెల్డు చేసేటప్పుడు పైపుల్ని కదలకుండా పట్టుకునే చట్రం), ఆ తర్వాతే వెల్డింగ్ ఆటోమేషన్. ఈ వరస తిరగబడితే తెచ్చిన లోనంతా మూలన పడున్న మిషను మీద ఉంటది, నువ్వేమో వడ్డీ కడుతూ ఉంటావు.

మెషీన్ సంగతి ముందు చెప్తా. తణుకు, పాలకొల్లు, నరసాపురం ఎటు పోయినా మన ఊళ్ళల్లో నాట్లేసి కలుపు తీసి వయసంతా వంగి పని చేసిన ఆడవాళ్ళే, అరవై వచ్చేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి, డాక్టరేమో కదలమంటాడు, కదిలితే నొప్పి. వాళ్ళకి ట్రెడ్‌మిల్ పెట్టకూడదు, అడుగు పడిన ప్రతిసారీ ఆ అదురు మోకాలికి పోద్ది. ఎలిప్టికల్‌లో పాదం పెడల్ మీంచి లేవదు కాబట్టి అదురుండదు గానీ నిలబడి తొక్కాలి, ఒంటి బరువంతా కాళ్ళ మీదే, తూలితే పట్టుకునేవాళ్ళుండాలి. అందుకని వెనక్కి ఆనుకుని కూర్చుని తొక్కే సైకిల్, రికంబెంట్ అంటారు చూడు, అదొక్కటే మొదలెట్టు. నాలుగు రకాలు ఒకేసారి వద్దు, ఒక్కటి బాగా చెయ్యి.

చీర కట్టుకున్న మనిషి ఎక్కుద్దని గుర్తు పెట్టుకుని డ్రాయింగ్ గియ్యి. మధ్యలో పైపు దాటాల్సిన పని ఉండకూడదు, సీటు మామూలు కుర్చీ ఎత్తులో ఉంటే చేతులు ఆన్చి తనే లేస్తది, పెడల్ దూరంగా పోయినప్పుడు మోకాలు పూర్తిగా చాపుకుపోకుండా కాస్త వంపు ఉండేలా సీటు ముందుకీ వెనక్కీ జరగాలి. బెల్టు, క్రాంకు (పెడళ్ళు తిప్పే ఇరుసు) మొత్తం కవర్ లోపలే ఉండాలి, కొంగు చిక్కుకునే సందు ఒక్కటి కూడా వదలొద్దు. బ్రేకుకి ఫెల్ట్ ప్యాడ్ పెట్టకు, అయస్కాంతాలు పెట్టు, తిరిగే బరువు చక్రాన్ని, అదే ఫ్లైవీల్‌ని, తాకకుండానే ఆపుతాయి కాబట్టి అరగవు, చప్పుడుండదు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్నో ఫిజియోనో అడిగాకే ఎక్కాలని స్టిక్కర్ తెలుగులో, పెద్ద అక్షరాల్లో వెయ్యి. ఈ మెషీన్లకి ఐఎస్ఓ 20957 అని స్టాండర్డ్ ఉంది, అందులో 5వ భాగం సైకిళ్ళది, కొని దగ్గర పెట్టుకో, లోడ్ టెస్టులు దాని ప్రకారమే చెయ్యి.

ఇక వెల్డింగు. ఫ్రేములో ప్రాణమంతా క్రాంకు తిరిగే గొట్టం దగ్గరుంటది. ఎక్కేటప్పుడు మనిషి బరువంతా ఒక్క పెడల్ మీద వేస్తారు, అది ఒక పక్కకే లాగుద్ది, రోజూ లాగుద్ది. ఒక జిమ్ములో చూశాను, పైన పెయింటు నిగనిగలాడతా ఉంది, ఆ గొట్టం కింద మాత్రం వెంట్రుకంత గీత, వెల్డ్ అంచునే. అలాంటి గుండ్రటి జాయింటుకి చేతి కంటే రోటరీ బాగుంటది, టార్చ్ ఒక చోట నిలబెట్టి పైపుని తిప్పుతాం. దాన్ని నువ్వే కట్టుకోగలవు. లెక్క చూడు, 60 ఎంఎం పైపు చుట్టుకొలత 188, వెల్డు నిమిషానికి 380 ఎంఎం నడవాలనుకుంటే పైపు నిమిషానికి రెండు చుట్లు తిరగాలి. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుద్ది, 60కి 1 గేర్‌బాక్స్ వేసినా ఇంకా 24 ఉంటాయి. చాలామంది మిగతాది డ్రైవ్‌తో, అంటే మోటారు స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టెతో, తగ్గించేద్దాం అనుకుంటారు, అంత కిందకి తెస్తే మోటారుతో పాటు దాని ఫ్యాను కూడా నెమ్మదించి మోటారు కాలిపోద్ది. ఇంకో 10కి 1 గేర్ వెయ్యి, 2.4 వస్తాయి, అక్కణ్ణించి డ్రైవ్‌తో సర్దుకో.

ఎర్త్ మాత్రం బేరింగుల మీంచి పోనివ్వకు. వెల్డింగ్ కరెంటు బేరింగు గుండా పోతే లోపల బాల్సు చుక్కలు చుక్కలుగా కాలి కొన్నాళ్ళకే గరగరమంటది. తిరిగే షాఫ్టుకి రాగి బ్రష్ ఆనించి దాన్నించి ఎర్త్ తీసుకో, కరెంటు అటు పోకుండా పైపుని పట్టే చక్ కింద ఫైబర్ వాషర్లు, బోల్టులకి స్లీవులు వెయ్యి. చుట్టు పూర్తయ్యాక మొదలెట్టిన చోటుని దాటి ఇంకో పది ఎంఎం వెల్డు నడిచాకే ఆగాలి, ఆగే ముందు గుంటని నింపి ఆపాలి, పగుళ్ళు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఆ మొదలు, చివర కలిసే చోటు లోడ్ పడే వైపు రాకుండా ఫిక్చర్‌లో గుర్తు పెట్టు.

రోబో ఎందుకు ఆగమన్నానంటే, పైపు కోత ఒక ఎంఎం తేడా వస్తే మన వెల్డర్ కన్ను చూసుకుని చెయ్యి సర్దుకుంటాడు, రోబో నేర్పిన దారిలోనే పోద్ది, 2 ఎంఎం పైపుకి బొక్క పెట్టేస్తది. కాబట్టి డబ్బులు ముందు మంచి కటింగ్ మిషను మీద, ఫిక్చర్ మీద పెట్టు. పది పైపులు కోసి పక్కపక్కన నిలబెట్టి మూలమట్టం పెట్టి చూడు, పదీ ఒకేలా వచ్చిన రోజున రోబో మాట మాట్లాడుకుందాం. మన వెల్డర్ ఎన్నో ఏళ్ళుగా చెరువుల ఏరేటర్ ఫ్రేములూ రైస్ మిల్లు ఎలివేటర్లూ అతికిన మనిషి, అతన్ని మాన్పించకు, కరెంటూ వైరు స్పీడూ సెట్టింగు అతని చేతే పెట్టించు, నీ ఆపరేటర్‌కి నేర్పేది కూడా అతనే అవ్వాలి.

మన గాలి సంగతి వేరే చెప్పాలి. వానాకాలం తేమకి మిగ్ వెల్డింగ్ వైరు మీద తుప్పొస్తది, దాంతో వెల్డులో బుడగలు. రాత్రి ఆ వైరు చుట్ట మిషన్‌లో వదిలెయ్యకు, కవర్ చుట్టి బల్బు పెట్టిన డబ్బాలో పెట్టు. ఉక్కపోతగా ఉందని కుర్రాళ్ళు టార్చ్ మీదకి ఫ్యాను తిప్పుతారు, వెల్డుని గాలి నించి కాచే గ్యాస్ ఎగిరిపోద్ది, తడిక కట్టు, ఫ్యాను వీపు వైపు పెట్టించు. జింకు పూత ఉన్న పైపు అసలు తేకు, ఆ పొగ పీల్చితే సాయంత్రానికి జ్వరం. చెరువుల మోటార్లు అన్నీ ఒకేసారి ఆన్ అయితే వోల్టేజీ పడిపోద్ది, మంచి స్టెబిలైజర్ లేకుండా ఆటోమేటిక్ వెల్డింగ్ మొదలెట్టొద్దు. పౌడర్ కోటింగుకి పంపే ముందు ఫాస్ఫేట్ కడుగుడు సరిగా చేస్తున్నారో లేదో నువ్వే నిలబడి చూడు, చెమట ఒక పక్క, సముద్రం గాలి ఒక పక్క, కడుగుడు తగ్గితే ఏడాది తిరక్కుండా పొక్కులు లేస్తాయి.

రోజూ ఒక జాయింటు అడ్డంగా కోసి, ఎమెరీతో నున్నగా రుద్ది, యాసిడ్ పూసి చూడు, వెల్డు లోపలికి ఎంత దిగిందో గీతలా కనపడుద్ది. ముక్కలు పారెయ్యకు, తేదీ రాసి దాచు.

మొదటి సైకిల్ అమ్మకు. మీ అమ్మ దగ్గర పెట్టు, దాని మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి ఎక్కడ ఆనుద్దో చూసి హ్యాండిల్ అక్కడ పెట్టు. క్రాంకు గొట్టం డ్రాయింగూ, పైపు మందం, బేరింగ్ నంబరూ వాట్సాప్ చెయ్యి, ఫిక్చర్ క్లాంపులు ఎక్కడెక్కడ రావాలో నేను పెన్సిల్‌తో గీసి పంపుతా.

మీ మావయ్య