నాలుగు షీట్లు, అర లీటరు నీళ్లు

ప్రశ్న: మాస్టారూ, నాకు 4×5 అంగుళాల కర్ర కెమెరా ఒకటి దొరికింది. రీలు కాకుండా విడివిడి షీట్లుగా వచ్చే షీట్ ఫిల్ము ఇంట్లోనే కడుక్కోవాలని కోరిక. నెలకి పది పన్నెండు షీట్లకి మించవు. ట్రేల్లో కడగనా? ప్యాటర్సన్ ట్యాంకులో షీట్లు పట్టి ఉంచే మాడ్54 చట్రం పెట్టుకోనా? షీట్ల కోసమే చేసిన స్టియర్‌మన్ వాళ్ల ఎస్పీ-445 ట్యాంకు కొననా? తెలిసిన ఎక్స్‌రే సెంటర్‌లో హ్యాంగర్ల ట్యాంకు ఊరికే ఇస్తామంటున్నారు. తెచ్చుకోమంటారా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఎక్స్‌రే ట్యాంకు వద్దు బాబూ. అది రోజూ పదుల కొద్దీ ఫిల్ములు కడిగే చోటికి చేసినది. నింపాలంటే బకెట్ల లెక్కన డెవలపర్ (ఫిల్ము మీద బొమ్మ తేల్చే మందు) కలపాలి, మీ పది షీట్లు అయ్యేలోగా అది గాలికి పాడైపోతుంది. ఆ హ్యాంగర్లు మీ ఫిల్ము సైజుకి సరిపోవు కూడా.

మిగతా మూడింట్లో ఏదన్నది మన నీళ్లను బట్టి చెబుతాను. ఫిల్ము డబ్బాతో వచ్చే కాగితంలో టైములన్నీ 20 డిగ్రీలకి రాసి ఉంటాయి. మే నెలలో మా విజయనగరం అయ్యకోనేరు వీధిలో మేడ మీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టనివ్వవు. మీ పలాసలోనూ అంతే కదా. వేడి నీళ్లలో ఫిల్ము మీది జిలటిన్ నాని మెత్తబడుతుంది, చిన్న ఒరిపిడికే గీత పడుతుంది.

నేను మొదట్లో ట్రేల్లోనే కడిగేవాణ్ణి. చీకట్లో నాలుగైదు షీట్లు ఒకదాని కింద ఒకటి తిప్పుతూ ఉండాలి. ఒక వేసవిలో మా అమ్మ ఫొటో అలాగే కడిగాను. వీధి అరుగు మీద కూర్చోబెట్టి తీసినది. లైటు వేసి చూస్తే చెంప మీంచి మెడ దాకా గోటి గీత. మళ్లీ తీద్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి, ఆవిడ వెళ్లిపోయింది. ఆ నెగెటివ్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందుకే మనుషుల ఫొటోలు ట్రేలో కడగమని ఎవరికీ చెప్పను.

మాడ్54లో ఒకేసారి 6 షీట్లు పడతాయి. కానీ మూడు రీళ్ల ప్యాటర్సన్ ట్యాంకు కావాలి, లీటరు డెవలపర్ పొయ్యాలి. గట్టిగా తిరగేస్తే షీటు గాడిలోంచి జారి పక్కదానికి అంటుకుంటుంది. ఎస్పీ-445లో పట్టేవి 4 షీట్లే, పోసేది సుమారు 475 మిల్లీలీటర్లే. నాలుగు షీట్ల వైశాల్యం 36 ఫొటోల రీలు ఒక్కదానితో సమానం, కాబట్టి ఆ మాత్రం డెవలపర్ చాలు. మీకు నేను చెప్పేది ఎస్పీ-445 కొనమనే. అర లీటరు నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచడం తేలిక. డెవలప్ అవుతున్నంతసేపూ ట్యాంకుని నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి, రెండు ఐసు ముక్కలు బేసిన్‌లో వేస్తే చాలు. డెవలపర్ పని ఆపే స్టాప్, బొమ్మని నిలిపే ఫిక్సర్, కడుగు నీళ్లు కూడా దరిదాపు అదే వేడిలో ఉండాలి.

20కి దింపడం కష్టమైతే 24 దగ్గర ఆగండి. హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకి ఐడీ-11 డెవలపర్‌లో సమానంగా నీళ్లు (1+1) కలిపితే 20 దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర 9 నిమిషాలకి కాస్త అటూ ఇటూ. డెవలపర్ పలచగా కలపమనేది అందుకే. చిక్కటి డెవలపర్ వేడి మీద 5 నిమిషాల లోపే పని ముగించేస్తుంది, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తుంది.

ఒక్క ఇబ్బంది చెప్పాలి. షీటు వెనక వైపు, ట్యాంకులో దాన్ని పట్టి ఉంచే పలకకి ఆనుకునే చోట రంగు పూర్తిగా పోక గులాబీ మరక మిగలొచ్చు. ఫిక్సర్ అయ్యాక షీట్లు బయటికి తీసి ట్రేలో నీళ్లు పోసి కాసేపు ఉంచండి, పోతుంది. మాడ్54 అయినా ఇదైనా పైదేశం సరుకే, కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క వేసుకోండి.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. డెవలపర్ కలపడానికీ, ఆఖరిసారి ముంచి తియ్యడానికీ ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. సముద్రపు గాలికి, వెలుతురు చొరని ఛేంజింగ్ బ్యాగులో చేతులు చెమటతో తడిసిపోతాయి, షీటు మీద వేలిముద్ర పడితే మళ్లీ పోదు. రాత్రి పూట, కిటికీకి నల్ల గుడ్డ కట్టిన గదిలో లోడ్ చెయ్యడం మేలు. షీటు నిలువుగా పట్టుకుని, అంచున ఉన్న గంట్లు పైన కుడి మూలకి వచ్చేట్టు చూస్తే ఎమల్షన్ (బొమ్మ పడే పూత) మీ వైపు ఉన్నట్టు. పలకలో పెట్టేటప్పుడు ఆ వైపు బయటికి ఉండాలి.

ట్యాంకు వచ్చేలోగా ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే 4×5కి పిసరు తక్కువగా నాలుగు ముక్కలు కత్తిరించి ఉంచండి. ముందు పగలు చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని వాటిని పలకల్లో ఎక్కించి తీస్తూ ఉండండి. చేతికి అలవాటు పడ్డాకే మంచి ఫిల్ము డబ్బా విప్పండి.