మేడ మీద గదిలో ఆర్ట్ స్టూడియో పెడితే నడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏ పెయింటింగ్ పూర్తి చేసింది. ఉద్యోగం చేయదట. మా మేడ మీది గదిలో స్టూడియో పెట్టుకుని బొమ్మలు వేసుకుంటుందట, పిల్లలకు నేర్పుతుందట, అప్పుడప్పుడు ఓపెన్ స్టూడియో పెట్టి జనాన్ని పిలుస్తుందట. ఇలా బతకగలదా? – ఓ తల్లి, హనుమకొండ

జవాబు: బతకగలదు. కాకపోతే మొదటి రెండేళ్లు చేతికొచ్చే డబ్బు చాలావరకు పాఠాలదే, బొమ్మలది కాదు. చాలామంది చిక్కుకునేదీ ఇక్కడే. ఫీజుల రుచి తగలగానే బ్యాచ్ మీద బ్యాచ్ పెడతారు. ఏడాది తిరిగేసరికి ట్యూషన్ సెంటర్ మిగులుతుంది, ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) మీద కాన్వాసుకు దుమ్ము పడుతుంది. అందుకే టైంటేబుల్‌లో ముందు తన పనిగంటలు రాసుకోమనండి. వారానికి నాలుగు రోజులు ఉదయం 8 నుంచి 12 దాకా ఎవరొచ్చినా తలుపు తీయకూడదు. క్లాసులు సాయంత్రాలకూ శని, ఆదివారాలకూ సర్దుకుంటాయి. పాఠాలు చెబితే కళ చచ్చిపోతుందనే మాట నేను నమ్మను. పేరున్న చిత్రకారుల్లో కాపు రాజయ్య సిద్దిపేటలో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేసినవారే, లక్ష్మా గౌడ్ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవారే.

ఇక లెక్క. గది 12×14 అడుగులనుకుంటే బ్యాచ్‌కు ఎనిమిది మందే. చోటు ఒక్కటే కాదు కారణం. గంటన్నర క్లాసులో చివరి పది నిమిషాలు బ్రష్షులు, చేతులు కడుక్కోవడానికి పోతే, ఒక్కో పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చోవడానికి కుదిరేది ఆ ఎనిమిది మందికే. రెండు బ్యాచ్‌లు, తలకు నెలకు 1,200 అంటే 19,200. మొదటి ఆరు నెలలు అందులో సగమే వస్తుందనుకుని కూర్చోండి. ఫీజు నెలనెలా కాకుండా 12 క్లాసులకు ఒకేసారి తీసుకోవడం మేలు. మార్చిలో పరీక్షలంటూ సగం మంది రారు, నెలవారీ ఫీజయితే ఆ నెల సగం ఖాళీయే. ఆ లోటును వేసవి క్యాంపు పూడుస్తుంది. పెద్ద పిల్లలకైతే ప్రభుత్వ డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకూ, హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ పెట్టే బీఎఫ్‌ఏ ఎంట్రన్స్‌కూ తయారు చేయించవచ్చు. వాళ్లు మధ్యలో మానరు, ఫీజూ కాస్త ఎక్కువ అడగవచ్చు.

నేర్పడం బొమ్మ వేసినంత సులువు కాదు. చెంబు గీయమంటే పిల్లలు మూతిని గుండ్రంగా, అడుగును స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. మూతి గుండ్రమనీ, అడుగు బల్లకు ఆనుతుందనీ వాళ్లకు తెలుసు. తెలిసింది గీస్తారు, కనబడింది కాదు. నోటితో ఎంత చెప్పినా ఎక్కదు. చెంబును వాళ్ల కంటి ఎత్తుకు లేపి మెల్లగా కిందికి దించాలి. మూతి ముందు ఒట్టి గీతలా కనబడి, దిగుతున్న కొద్దీ కోడిగుడ్డులా విప్పారుతుంది. అడుగు అంతకంటే ఇంకాస్త గుండ్రంగా వంగుతుంది. అది చూశాక గీత దానంతటదే మారుతుంది. పిల్లల కాగితం మీద మాత్రం మాస్టరు చేయి పడకూడదు, దిద్దేది పక్కన వేరే కాగితం మీద. రోజుకో బొమ్మ ఇంటికి పంపాలని తల్లిదండ్రులు అడుగుతారు. దానికి తలొగ్గితే ఆ బొమ్మలు పూర్తి చేసేది మీ అమ్మాయే అవుతుంది. తేదీ వేసి అన్నీ ఫైల్లో పెట్టి, మూడు నెలలకోసారి మొదటిదీ చివరిదీ పక్కపక్కన చూపించమనండి.

మేడ మీద గది అన్నారు కాబట్టి ఎండ సంగతి. శ్లాబు వేడికి మే నెలలో యాక్రిలిక్ రంగు ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీదే బిగుసుకుపోతుంది, అడుగున తడిగుడ్డ పరవాలి. ఈజిల్ ఉత్తరం కిటికీ దగ్గరుంటే వెలుతురు రోజంతా నిలకడగా ఉంటుంది. పిల్లలొచ్చే రోజుల్లో టర్పెంటైన్ (ఆయిల్ రంగులు పలచన చేసే ఘాటు ద్రవం) సీసా తెరవకూడదు. ఆయిల్ రంగుల్లో వాడే లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయాలి.

ఓపెన్ స్టూడియో మూడు నెలలకోసారి, ఆదివారం సాయంత్రం 4 నుంచి 7 దాకా చాలు. 12 బొమ్మలకు మించి పెట్టొద్దు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 58 అంగుళాల ఎత్తున రావాలి. ఈజిల్ మీద సగంలో ఉన్న పని ఒకటి వదిలేయమనండి, వచ్చినవాళ్లు నోరు విప్పేది దాని ముందే. ధర చదరపు అంగుళం లెక్కన కట్టాలి: 12×16 అంటే 192, అంగుళానికి 20 చొప్పున 3,840, ఫ్రేము వేరు. ఆ ధర అందరికీ ఒకటే. రేపు గ్యాలరీకి ఇచ్చినా అదే ధర ఉండాలి, వాళ్ల కమీషన్ మూడోవంతు నుంచి సగం దాకా పోతుంది కాబట్టి ఇప్పుడే మరీ తక్కువ పెట్టుకోకూడదు. మూడు, నాలుగు వందల్లో పెన్సిల్ స్కెచ్‌లు కొన్ని ఉంటే ఉత్త చేతులతో వెళ్లేవాళ్లు తగ్గుతారు. బిల్లు మీద కాపీరైట్ చిత్రకారిణిదేనని ఒక వాక్యం రాయించండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా ఇస్తే తప్ప, బొమ్మ కొన్నవారికి దాన్ని అచ్చేసుకునే హక్కు రాదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు.

మీ వంతు పనులు రెండు. మొదటి ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టడం, ‘మనవాళ్లే కదా, ఊరికే ఇచ్చేయ్’ అని చుట్టాల తరఫున బేరం చేయకపోవడం. అన్నట్టు, మెట్లకు రెయిలింగ్ లేకపోతే బోర్డు కట్టకముందే పెట్టించండి. క్లాసు వదలగానే పిల్లలు పరుగెత్తేది అటే.