మేనల్లుడికి, పాత కెమెరాల విషయమై

చి. చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. జీతం పడగానే పాత కెమెరా ఒకటి కొంటున్నావట, ఒక్కోదానికీ ముద్దుపేరు పెడుతున్నావట. అచ్చం తాతయ్య పోలికే! ఎంత సంతోషపడ్డానో. కానీ వాటికోసమని అజిత్‌సింగ్‌ నగర్‌లో కింది వాటా మాట్లాడావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు అక్కడి ఇళ్ళల్లోకి ఎలా వచ్చిందో మర్చిపోయావా? ముందు మేడమీది వాటా వెతుక్కో. మిగతావన్నీ ఆ తరవాతే.

కొనేముందు లోపల ఫంగస్ ఉందేమో లెన్సులోకి టార్చి వేసి చూడు. వాడనప్పుడు బ్యాటరీ తీసేయ్. జోర్కీ-4 అనే పాత సోవియట్ కెమెరాకి ఫిల్ము తిప్పాకే షట్టర్ స్పీడు మార్చాలి, ముందు మార్చావంటే లోపల దెబ్బతింటుంది. బంగారు రంగు లైకా, అదే ఆ ఖరీదైన జర్మన్ కెమెరా, చవగ్గా ఇస్తామంటే డబ్బు తియ్యకు. సోవియట్ కాలపు జోర్కీ, ఫెడ్ కెమెరాల మీద ఆ పేరు చెక్కి అమ్మేవాళ్ళున్నారు.

ఇక తాతయ్య యాషికా మ్యాట్-124జి కెమెరా సంగతి. నడుం దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూడాలి. కుడికి నడిచే మనిషి అందులో ఎడమకి నడుస్తాడు. అది చూడ్డానికి మీ అమ్మా నేనూ కొట్టుకునేవాళ్ళం. నాన్నగారు దాన్ని ‘అమ్మాయి’ అనేవారు. 1980 కృష్ణా పుష్కరాలప్పుడు గొడుగు దానికి పట్టి, తను ఎండలో నిలబడ్డారు. దసరా ఆయుధపూజలో మొదటి బొట్టు దానికే. గవర్నరుపేటలో స్టూడియో మూసేశాక ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. తోలు తొడుగులో పెట్టి, పైన పట్టుగుడ్డ చుట్టి, బీరువాలో చీరల మధ్య దాచి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు. మీ అమ్మ పెళ్ళికి కూడా బయటికి తియ్యలేదు, ఫోటోలకి బయటివాళ్ళని పిలిచారు. చివరికి నీ బారసాలకి తీశారు. లెన్సు నిండా సాలెగూడులా ఫంగస్!

తోలు చెమ్మ పీలుస్తుంది, తొందరగా వదలదు. పైగా చీకటి, గాలాడదు. కృష్ణ పక్కనున్న ఊళ్ళో వానాకాలం అంతకంటే ఏం కావాలి ఫంగస్‌కి? తుడిస్తే బూజు పోయింది, అది తినేసిన లెన్సు పైపూత తిరిగి రాలేదు. వెలుతురుకి ఎదురుగా ఏది తీసినా మసకే. ఆ రోజు నాన్నగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, భోజనానికి పిలిచినా లేవలేదు.

కోప్పడుతున్నాననుకోకు, నాన్నా. తోలు తొడుగులు విడిగా పెట్టు. కెమెరాల్ని గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ గింజలు వేసి ఉంచు, గింజల రంగు మారగానే కొత్తవి వెయ్యి. వానాకాలమంతా వారం వారం బయటికి తీసి, అన్ని స్పీడుల్లోనూ షట్టర్ నొక్కు. ఇల్లు తుడిచేటప్పుడు మీ అమ్మ ముట్టుకుంటే కసరకు. పెళ్ళయ్యాక వచ్చే పిల్లనీ కసరకు, తాతయ్యతో మా అమ్మ పడింది చాలు.

దసరాకి తప్పకుండా రా. నా ఆగ్ఫా క్లిక్-3 కెమెరా నీకిస్తాను, ఫిల్ము కూడా వేసి ఉంచుతాను. మొదట మీ అమ్మ ఫోటో తియ్యి.

మామయ్య
విజయవాడ