రాజ్యాంగానికి పొలిమేర ఉందా?

సందేహం: ‘రాజ్యాంగ విలువలను దేశంలోనూ, విదేశాల్లోనూ పాటించాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉంది’ అని మా తొమ్మిదో తరగతి విద్యార్థి రాశాడు. రాజ్యాంగం దేశం దాటదు కదా అని ‘విదేశాల్లోనూ’ కొట్టేసి ఒక మార్కు కోశాను. సరేనా?
– ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: అమ్మా, కొట్టేయవలసింది ‘ఆవశ్యకత ఎంతైనా ఉంది’ అన్న తోకను. ‘పాటించాలి’ అంటే చాలు కదా! పత్రికలు అంటించిన జబ్బు ఇది, పిల్లవాణ్ణి ఏమంటాం? విదేశాల విషయంలో మాత్రం మీరు తొందరపడ్డారు.

రాజ్యాంగం అంటే ఇవాళ మనకు 1950లో అమలులోకి వచ్చిన గ్రంథం. మాట అంతకంటే చాలా పాతది. అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరం వల్లె వేసినవారికి గుర్తుండే ఉంటుంది: ‘స్వామ్యమాత్య సుహృత్కోశ రాష్ట్రదుర్గ బలాని చ, రాజ్యాంగాని’. రాజు, మంత్రి, మిత్రుడు, ఖజానా, దేశం, కోట, సేన. వీటిలో ఏ ఒక్కటైనా రాజ్యాంగమే. శాసనాంగం, కార్యాంగం, న్యాయాంగం అన్నప్పుడు అంగం అంగంగానే ఉంది. రాజ్యాంగం దగ్గర మాత్రం అవయవం పేరు ఒళ్లంతటికీ పెట్టుకున్నాం. హిందీవారు సంవిధానం అనుకుని ఈ చిక్కు తప్పించుకున్నారు. మన మాట పాతుకుపోయింది, ఇప్పుడు పీకనక్కరలేదు.

ఆ మూడోదాన్ని చూడండి, సుహృత్తు. అంటే మిత్రరాజు. మిగిలిన ఆరూ పొలిమేర లోపలివి, ఇదొక్కటే అవతలిది. కౌటిల్యుడు ‘మిత్రం’ అని జాబితా చివర పెట్టాడు గానీ వదల్లేదు. అమరసింహుడు ఖజానాకంటే ముందే నిలిపాడు. (ఛందస్సు కోసమే అని ఒక మిత్రుడు నాతో వాదిస్తాడు. కావచ్చు, నాకు మాత్రం ఆ వరుస ముచ్చట.) బయటివారికిచ్చిన మాట తప్పే రాజ్యం తన అవయవాన్నే నరుక్కుంటున్నదని ఆ లెక్కన అర్థం.

నేటి గ్రంథమూ దీన్ని మరవలేదు. దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలు, ఒప్పందాలపై మన్నన ఉండేలా రాజ్యం ప్రయత్నించాలని 51వ అధికరణం. ఆదేశిక సూత్రం కనుక కోర్టుకు ఈడ్చే వీలు లేదు, అది వేరే సంగతి. భావప్రకటన స్వేచ్ఛ దేశం పొలిమేర దగ్గర ఆగిపోదని 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

కాబట్టి ‘విదేశాల్లోనూ’ తప్పనలేను. పరాయి గడ్డ మీద మన చట్టం నడపాలన్న అర్థం తోస్తుందంటారా, కాదనలేను. ‘విదేశాలతో వ్యవహారంలోనూ’ అంటే ఆ పేచీ ఉండదు. నేనైతే ‘ఇంటా బయటా’ అంటాను. కోసిన మార్కులో సగం అబ్బాయికి తిరిగి ఇవ్వండి. మిగతా సగం ‘ఆవశ్యకత’ కింద ఉంచుకోండి.