పెళ్లి, వరస, మోర్మన్ ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో నేను రాసిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ఉత్తరాల్లో మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఆ వ్యాసం చూడనివారి కోసం రెండు మాటలు. నేను తెనాలివాడిని. 1996లో పై చదువు కోసం అమెరికాలోని యూటా రాష్ట్రానికి వచ్చాను. 1999 నుంచి సాల్ట్ లేక్ సిటీలో, మోర్మన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన కుటుంబంలో పుట్టి పెరిగిన ఒక వ్యక్తితో కలిసి జీవిస్తున్నాను. మేమిద్దరం మగవాళ్లం. 2013 డిసెంబరులో మాకు పెళ్లయింది.

ప్రశ్న: నేను విజయవాడలో ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా అబ్బాయి యూటాలోని లీహై పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ నాలుగు నెలలు ఉన్నప్పుడు పక్కింట్లో అరవై దాటిన ఇద్దరు మగవాళ్లు దంపతులుగా ఉండటం చూశాను. చాలా మర్యాదస్తులు. ముప్పై ఏళ్లుగా కలిసి ఉన్నారట, చట్టం ఒప్పుకున్నాక పెళ్లి కూడా చేసుకున్నారట. వారిలో ఒకరి తల్లి ప్రతి ఆదివారం మోర్మన్ చర్చి నుంచి నేరుగా వాళ్లింటికే భోజనానికి వచ్చేది. ఆ చర్చి అలాంటి పెళ్లిని ఒప్పుకోదని మా అబ్బాయి చెప్పాడు. అన్నేళ్లు కలిసే ఉన్నవాళ్లకు ఆ వయసులో పెళ్లి కాగితం ఎందుకు? ఆ తల్లీ కొడుకూ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చుంటారు?

జవాబు: అమ్మా, మీ మొదటి ప్రశ్న మా అమ్మ కూడా నన్ను అడిగింది. కాగితం లేని మా పద్నాలుగేళ్లు ఎలా గడిచాయో చెబితే జవాబు దానిలోనే ఉంటుంది. నేను హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేసేవాడిని, ఉద్యోగం పోతే దేశం వదలాలి. నాతో చదువుకున్న తెలుగు స్నేహితులు ఊరికి వెళ్లి పెళ్లి చేసుకుని, భార్యను హెచ్-4 వీసా మీద వెంట తెచ్చుకున్నారు. అమెరికా పౌరులను పెళ్లాడినవారికి గ్రీన్‌కార్డుకు దారి ఉండేది. నా సహచరుడు పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అయినా, పెళ్లి అంటే ఒక పురుషుడికీ ఒక స్త్రీకీ మధ్య జరిగేది మాత్రమేనని 1996 నాటి సమాఖ్య చట్టం, అంటే దేశమంతటికీ వర్తించే చట్టం, నిర్వచించినందువల్ల, ఆయన నా కోసం ఏ దరఖాస్తూ పెట్టలేకపోయారు. 2001లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు కుప్పకూలుతున్న రోజుల్లో, నన్ను తీసేస్తే మేమిద్దరం ఏ దేశంలో కలిసి బతకవచ్చో వెతుకుతూ అట్లాసు ముందు పెట్టుకుని కూర్చున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. ఆ నిర్వచనాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2013 జూన్ 26న కొట్టివేసింది. ఆ కేసు వేసిన ఈడీ విండ్సర్ అనే వృద్ధురాలు, నలభై ఏళ్లకు పైగా తోడున్న సహచరి చనిపోయినప్పుడు 3,63,053 డాలర్ల వారసత్వ పన్ను కట్టవలసి వచ్చింది. వారిద్దరూ కెనడాలో పెళ్లి చేసుకున్నా, సమాఖ్య చట్టం లెక్కలో ఒకరికొకరు ఏమీ కారు. భర్త పోయిన స్త్రీకి ఆ పన్ను పడేది కాదు.

వీసా, పన్ను అన్నవి సగం సంగతే. మిగతా సగం చెప్పడానికి నాకు తెలుగులోనే మాట దొరుకుతుంది. మాకు వరస లేదు. రైల్లో పరిచయమైన మనిషిని కూడా బాబాయి గారూ, పిన్ని గారూ అని వరస పెట్టి పిలిచే ఊళ్లో పుట్టినవాడిని, నా సహచరుడి తల్లిని పద్నాలుగేళ్లు ఏమని పిలవాలో తెలియక ఏ పిలుపూ లేకుండానే మాట్లాడాను. ఆమె నన్ను ఇరుగుపొరుగుకు 'మా అబ్బాయి స్నేహితుడు' అని పరిచయం చేసేవారు. మా అమ్మ 'ఆ పెద్దావిడ' అనేది. మాకు పెళ్లయిన వారం ఫోనులో మా అమ్మ, "మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది. అలా అడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెళ్లి జరిగితే వరస దానంతటదే కలుస్తుందని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాట కోసమైనా ఆ కాగితం కావలసిందే అని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ పెళ్లి జరిగిన తీరు కూడా చెప్పాలి. 2013 డిసెంబరు 20, శుక్రవారం నాడు, మా లాంటివారి పెళ్లిళ్లపై 2004లో ప్రజల ఓటుతో యూటా రాజ్యాంగంలో చేరిన నిషేధాన్ని ఫెడరల్ న్యాయమూర్తి రాబర్ట్ షెల్బీ రద్దు చేశారు. దేశంలో ఎక్కడ జరిగినా యూటాలో జరగదని అందరూ అనుకున్న పని అది. సోమవారం తెల్లవారకముందే మేము సాల్ట్ లేక్ కౌంటీ క్లర్కు కార్యాలయం ముందు చలిలో వరుసలో నిలబడ్డాం. మా ముందూ వెనుకా ఉన్నవారిలో ఇరవై, ముప్పై ఏళ్లు కలిసి బతికిన జంటలు ఎందరో ఉన్నారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వరుస పొడవునా తిరిగి తినుబండారాలు పంచారు. జనవరి 6న ఆ తీర్పుపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చేలోగా 17 రోజుల్లో 1,300కు పైగా జంటలు రాష్ట్రంలో పెళ్లి చేసుకున్నాయి. ఆ తర్వాత మా పెళ్లిని యూటా ప్రభుత్వం పక్కన పెట్టింది, వాషింగ్టన్‌లోని ప్రభుత్వం గుర్తించింది. అక్టోబరు 6న సుప్రీంకోర్టు యూటా ప్రభుత్వ అప్పీలు వినడానికి నిరాకరించేదాకా ఒకే ఇంట్లో సగం పెళ్లయినవాళ్లలా తొమ్మిది నెలలు ఉన్నాం. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2015 జూన్ 26న.

ఇక తల్లి సంగతి. 1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన ఆ చర్చి అసలు పేరు యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం. మోర్మన్ అన్న పేరు వాడవద్దని వారు 2018 నుంచి కోరుతున్నారు, అయితే ఇంటి లోపలా బయటా అలవాటైన మాట అదే గనుక ఇక్కడ వాడుతున్నాను. వారి విశ్వాసంలో పెళ్లి చావుతో ముగిసేది కాదు. ఆలయంలో సీలింగ్ అనే క్రతువుతో ఒక్కటైన భార్యాభర్తలు, వారి పిల్లలు పరలోకంలోనూ ఒకే కుటుంబంగా ఉంటారని వారి నమ్మకం. సోమవారం సాయంత్రాన్ని కుటుంబం కోసం కేటాయించుకోవడం, పూర్వీకుల పేర్లను తరతరాల వెనకకు వెతికి రాసుకోవడం, వార్డులో, అంటే ఆ ప్రాంతపు చర్చి సమాజంలో, ఒకరికి జబ్బు చేస్తే ఇరవై ఇళ్ల నుంచి వంటలు రావడం, అన్నీ ఆ నమ్మకం చుట్టూ అల్లుకున్నవే. ఇలాంటి ఇంట్లో పెరిగిన కుర్రవాడికి పెళ్లి కంటే పెద్ద ఆశ మరొకటి ఉండదు. నా భర్త పెళ్లి కోరుకున్నది చర్చి మీద తిరుగుబాటుగా కాదు, ఒక మనిషికి జీవితాంతం కట్టుబడి ఉండటంలోని విలువను ఆయనకు నేర్పింది ఆ తల్లీ ఆ చర్చే. వారు నేర్పిన పాఠాన్నే ఆయన పాటించారని నేనంటాను. 1995లో ఆ చర్చి ప్రకటించిన కుటుంబ ప్రకటన పెళ్లిని స్త్రీ పురుషులకే పరిమితం చేసిందని నాకు తెలుసు. మా అత్తగారి ఇంట్లో అది ఫ్రేము కట్టి గోడకు ఉంది. ఆదివారం మేము కూర్చుని తినేది దాని ఎదురుగానే.

ఎలా కూర్చుంటారని కదా మీరు అడిగారు. ఒక్కరోజులో కూర్చోలేదు. 2008లో కాలిఫోర్నియాలో మా లాంటివారి పెళ్లిళ్లను ఆపే 'ప్రతిపాదన 8' ప్రజల ఓటుకు వచ్చినప్పుడు, సభ్యులు తమ సమయాన్నీ సొమ్మునూ ఇవ్వాలని కోరుతూ చర్చి అధిష్ఠానం రాసిన లేఖను అక్కడి సభల్లో చదివారు. కాలిఫోర్నియాలో ఉన్న మా బావగారు, అంటే నా భర్త అన్నగారు, చందా ఇచ్చారు. ప్రతిపాదన దాదాపు 52 శాతం ఓట్లతో గెలిచింది. అన్నదమ్ములిద్దరూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. తిరిగి మాట్లాడుకున్నది వాదనలో ఎవరో నెగ్గి కాదు, మామగారికి జబ్బు చేసి ఆసుపత్రిలో వంతులు వేసుకోవలసి రావడంతో.

మా అమ్మ 2003లో వచ్చినప్పటి ఒక సంగతి కూడా రాయాలనిపిస్తోంది. ఇంటికి వచ్చిన పెద్దావిడకు కాఫీ ఇవ్వబోతే, వారి మతంలో కాఫీ, టీ నిషిద్ధమని తెలిసి మా అమ్మ చిన్నబోయింది. అతిథికి ఏమీ ఇవ్వకుండా ఎలా పంపడమని లోపలికి వెళ్లి అల్లం, కరివేపాకు వేసి మజ్జిగ చేసి తెచ్చింది. ఆమె గ్లాసు ఖాళీ చేసి రెండోసారి అడిగారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇద్దరి మతాలూ తమ పిల్లల బతుకును ఒప్పుకోలేదు. వారిద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని మజ్జిగ తాగిన ఆ సాయంత్రం నుంచే మా ఇల్లు ఇల్లయిందని నేను లెక్క వేసుకుంటాను.

ప్రశ్న: ఖమ్మంలో చరిత్ర అధ్యాపకుడిని. ఒకప్పుడు బహుభార్యాత్వాన్ని పాటించి ప్రభుత్వంతో పోరాడిన చర్చి, పెళ్లికి ఇంత ఇరుకైన నిర్వచనం ఎలా ఇస్తుంది?

జవాబు: చరిత్ర తెలిసిన మీరు అడిగిన ఈ ప్రశ్నను ఇక్కడివారూ ఒకరినొకరు అడుగుకుంటారు. 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరిన ఆ ప్రజల పెళ్లిళ్లను అమెరికా ప్రభుత్వం నేరమంది. మత విశ్వాసం పేరుతో బహుభార్యాత్వం చెల్లదని 1879లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, 1882, 1887 చట్టాలతో వందలాది మందిని జైలుకు పంపారు, చర్చి ఆస్తులను జప్తు చేశారు. 1870 నుంచి ఓటు వేస్తున్న యూటా స్త్రీల ఓటుహక్కును కూడా 1887 చట్టమే లాక్కుంది. చివరకు 1890లో చర్చి అధ్యక్షుడు విల్ఫర్డ్ వుడ్రఫ్ కొత్త బహుభార్యా వివాహాలను ఆపుతున్నట్టు ప్రకటించారు, 1896లో యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది. నేడు ఆ ఆచారం పాటించేవారిని ఆ చర్చే వెలివేస్తుంది. నా భర్త ముత్తాత తండ్రి ఇద్దరు భార్యలతో కాపురం చేసినందుకు ఆరు నెలలు జైల్లో ఉన్నారు. దేశం అంతా తమ కుటుంబాలను అసహ్యించుకున్న జ్ఞాపకం ఉన్నవాళ్లు, అందరిలాంటి కుటుంబంగా కనబడాలని వందేళ్లు శ్రమించారు. ఆ శ్రమే ఇంకొకరి కుటుంబం మీద కాఠిన్యంగా మారిందని నా అభిప్రాయం. అదే జ్ఞాపకం దయగా మారిన సందర్భాలూ ఉన్నాయి. ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో మా లాంటివారిపై వివక్షను నిషేధించే 2015 నాటి యూటా చట్టాన్ని చర్చి సమర్థించింది. పెళ్లిళ్లకు సమాఖ్య రక్షణ ఇచ్చిన 2022 చట్టాన్ని, మతస్వేచ్ఛకు అందులో చోటిచ్చినందుకు, తన సిద్ధాంతం మారలేదని చెబుతూనే బలపరిచింది.

ప్రశ్న: పేరు రాయవద్దు. హైదరాబాదులో ఉంటాను, 31 ఏళ్లు. మా కుటుంబం ఈ చర్చిలోనే ఉంది, నేను రెండేళ్లు మిషన్ సేవ, అంటే చర్చి తరఫున మత ప్రచారం, కూడా చేశాను. ఏడేళ్లుగా నాకు ఒక సహచరుడు ఉన్నాడు. అమ్మ మా వార్డులోని ఒక అమ్మాయితో పెళ్లి మాటలు మొదలుపెట్టింది. నేను నా నిజం చెబితే, 'పరలోకంలో నీ కుర్చీ ఖాళీగా ఉంటే నేనెలా భరించను' అని ఏడుస్తోంది. చర్చి మారేదాకా ఆగాలా?

జవాబు: తమ్ముడూ, ముందుగా ఆ అమ్మాయి సంగతి. ఆ పెళ్లి చేసుకోవద్దు. పెళ్లయితే అంతా సర్దుకుంటుందన్న మాట మన ఇళ్లలోనే కాదు, ఒకప్పుడు యూటాలోనూ కుర్రవాళ్లకు చెప్పేవారు. ఆ మాట విని పెళ్లాడి, పదిహేనేళ్ల తర్వాత భార్యాపిల్లలతో సహా అందరూ గాయపడిన కుటుంబాలు నాకు తెలుసు. 1987లో చర్చి అగ్రనాయకుల్లో ఒకరైన గోర్డన్ హింక్లీ స్వయంగా, ఇలాంటి ఆకర్షణలకు పెళ్లిని చికిత్సగా చూడకూడదని బహిరంగంగా చెప్పారు. మీ అమ్మగారికి ఆమె నమ్మే గొంతుతోనే చెప్పగలిగిన మాట ఇది.

చర్చి మారుతుందా అన్నదానికి నేను ఆశ పెట్టలేను. ఆకర్షణ పాపం కాదని ఇప్పుడు చెబుతారు, దానిని అనుసరించి బతకడాన్ని మాత్రం ఒప్పుకోరు. పెళ్లాడిన స్వలింగ జంటలను మతభ్రష్టులుగా లెక్కించి, వారి పిల్లలకు బాప్తిస్మం ఆపిన నియమం 2015 నవంబరులో వచ్చింది, ఎందరో కన్నీళ్లతో సభ్యత్వం వదులుకున్నారు. 2019 ఏప్రిల్‌లో ఆ నియమాన్ని వెనక్కు తీసుకున్నారు. మన దేశంలో సుప్రీంకోర్టు 2018లో మీ బతుకు నేరం కాదంది, 2023 అక్టోబరు 17న మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేనంది, పునఃసమీక్షను 2025 జనవరిలో తిరస్కరించింది. ఆ కేసును తమ పేరుతో నడిపిన సుప్రియో, అభయ్ మీ హైదరాబాదువారే. నియమాలూ తీర్పులూ వాటి వేగంతో అవి నడుస్తాయి. మీ ఏడేళ్లను వాటికి తాకట్టు పెట్టకండి. మీరు సంపాదించిన ఆస్తికి ఇద్దరూ వీలునామాలు రాసుకోండి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ సహచరుడిని నామినీగా పెట్టుకోవడానికీ అడ్డులేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. ఈ నెలలోనే ఆ పని చేయండి. ఇదే చర్చిలో పెరిగిన మీలాంటివారి కోసం 1977 నుంచి అఫర్మేషన్ అనే సంస్థ పనిచేస్తోంది, వారికి రాయండి.

మీ అమ్మగారి ఖాళీ కుర్చీ భయాన్ని తేలికగా తీసుకోకండి. అది బెదిరింపు కాదు, ఆమెకు తెలిసిన ప్రేమ రూపం అది. మా అత్తగారికీ అదే భయం. మా పెళ్లి పరలోకంలో నిలవదని ఆమె నమ్మకం, నిలవాలని ఆమె ప్రార్థన. ఈ రెండింటినీ ఆమె ఎనభై ఏడేళ్ల వయసులో ఒకే మనసులో మోస్తున్నారు. ఆలయంలో మా పేర్లు కలపలేరు. అయితే ఆ చర్చి నడిపే ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షంలో 2019 చివరి నుంచి స్వలింగ జంటలను కూడా నమోదు చేయవచ్చు. ఆ సంగతి తెలిసిన వారంలోనే ఆమె కంప్యూటరు ముందు కూర్చుని కొడుకు పక్కన నా పేరు చేర్చారు. ఇంటిపేరు ముందు రాస్తామని చెబితే కొట్టివేసి మళ్లీ రాశారు. తర్వాత మా నాన్నగారి పేరు, తాతగారి పేరు, వాళ్ల ఊళ్లు అడిగారు. పోయిన ఆదివారం మా అమ్మమ్మ తల్లి పేరు అడిగారు. నాకు తెలియదు. తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకు ఫోన్ చేశాను, కనుక్కుని చెబుతానంది.